తొట్టిలో తాబేలు: కంటికి కనబడని అపాయాలు



ఈ శీర్షికలో మనం ఎక్కువగా పాడి పశువుల గురించీ, కోళ్ళ గురించీ, మేకల గురించీ మాట్లాడుకొంటూ ఉంటాం. ఈ నెల తాబేలును గురించి రాస్తున్నాం. తాబేలు గురించి రాయడానికి ఏముందని అనుకోకండి. ఆర్మూరు చుట్టుపక్కల పల్లెలకు వెళ్ళినప్పుడు, ఇంటి వెనుక గోలెంలోనో, సిమెంటు హౌజులోనో, చేదబావిలోనో ఒక తాబేలు ఉండటం మేము చాలాసార్లు చూశాం. పట్నాలలోనైతే అద్దాల పెట్టెలో, రంగురాళ్ళ మధ్య పెట్టి పెంచుతున్నారు.

అది ఇంటికి ఎలా వస్తుందో మీకూ తెలుసు. ఎండాకాలంలో చెరువు ఎండిపోతే తాబేలు బురదలోకి దూరి, కదలకుండా పడుకొని వానలకోసం ఎదురుచూస్తుంది. తొలకరికి పసుపు పెట్టడానికి దుక్కి దున్నుతుంటే నాగలికో, ట్రాక్టరుకో తగిలి బయటపడుతుంది. లేదంటే శ్రీరాంసాగర్ కాలువల నీళ్ళు మళ్ళలోకి వచ్చినప్పుడు వాటితోపాటు వచ్చేస్తుంది. "పిల్లలు ఆడుకొంటారు గదా" అని తండ్రి దాన్ని తువ్వాలలో చుట్టి ఇంటికి తెస్తాడు. ఆ తండ్రి మనసులో ఏ చెడ్డ తలంపూ ఉండదు. పిల్లలు సంబరపడతారు, పేరు పెడతారు, మెతుకులు వేస్తారు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, తాబేలుకు అరుపు లేదు. ఆకలేస్తే ఆవు అంబా అంటుంది. కుక్క వస్తే కోడి గోల చేస్తుంది. తాబేలు మాత్రం దాహం వేసినా, ఒళ్ళు ఉడికిపోతున్నా, కాలు తీగలో ఇరుక్కొన్నా ఊరకే ఉంటుంది. మనం దాన్ని శాంతం అనుకొంటాం. అది చనిపోయిన తరువాత కూడా ఒక పూటదాకా మనకు తెలియదు. కనుక దాన్ని ఉంచిన చోటులో ఏ అపాయం దాగి ఉందో ముందుగా మనమే వెదకి చూడాలి.

నీడ జరిగిన సంగతి

ఆర్మూరుకు దగ్గరలో ఉన్న ఒక పల్లెలో మేము చూసినది చెబుతాం. అది మార్చి నెల మొదటి వారం. పసుపు తవ్వకాలు ముమ్మరంగా జరుగుతున్నాయి. కళ్ళంలో ఒక పక్క ఉడకబెట్టిన కొమ్ములు ఆరబోసి ఉన్నాయి. సగానికి కోసిన పాత ఇనుప డ్రమ్ము ఒకటి వేపచెట్టు కింద పెట్టి, అందులో జానెడు నీళ్ళు పోసి తాబేలును వదిలారు. నాలుగో తరగతి చదివే మనుమడి కోసం తెచ్చిన తాబేలు అది. ఒంటిపూట బడులు ఇంకా మొదలుకాలేదు గనుక పిల్లవాడు పొద్దున బడికి వెళ్ళి సాయంత్రం వచ్చాడు. వచ్చేసరికి అది తల బయటికి వేలాడేసి తేలుతోంది.

"పొద్దుగాల సూసినప్పుడు మంచిగనే ఉండె. నీడకే పెట్టినం గద సారూ," అన్నది అవ్వ.

పిల్లవాడు ఏడుపు ఆపుకొంటూ మమ్మల్ని అడిగాడు: "ఇయ్యాల్ల నేను మెతుకులు ఎయ్యకుంట బడికి పోయిన సార్. గందుకే సచ్చిపోయిందా?"

"కాదు బిడ్డా," అన్నాం. "ఒక్కపూట తిండి లేకపోతే తాబేలు చావదు. నువ్వేం తప్పు చేయలేదు. నీడ జరిగింది, అంతే."

పొద్దున ఎనిమిది గంటలకు ఆ డ్రమ్ము మీద నిండుగా నీడ ఉంది. పదకొండు గంటలకు నీడ చెట్టు మొదట్లోకి పోయింది. అక్కడినుంచి మూడు గంటలదాకా ఇనుప డ్రమ్ము ఎండలోనే ఉంది. అవ్వ ఆ నీళ్ళలో చెయ్యి పెట్టి చప్పున వెనక్కి తీసుకొంది. ఆ ఇంట్లో అందరూ ఆ రోజు పసుపు ఉడకబెట్టే పనిలో ఉన్నారు. నీడ జరగడం ఎవరి కంటా పడలేదు.

ఇందులో తెలుసుకోవలసిన విషయం ఒకటి ఉంది. మన శరీరం ఎండలోనైనా చలిలోనైనా తన వేడిని తానే సరిచేసుకొంటుంది. తాబేలు, పాము, బల్లి, మొసలి వంటి ప్రాణులకు ఆ శక్తి లేదు. చుట్టూ ఎంత వేడి ఉంటే వాటి ఒళ్ళు కూడా దాదాపు అంత వేడెక్కుతుంది. కనుకనే అవి కాసేపు ఎండలోకి, కాసేపు నీడలోకి, కాసేపు నీళ్ళలోకి తిరుగుతూ ఉంటాయి. చెరువులో ఉన్న తాబేలు ఎండ ఎక్కువైతే అడుగున చల్లటి బురదలోకి దిగిపోతుంది. జానెడు నీళ్ళున్న ఇనుప డ్రమ్ములో అది ఎక్కడికి దిగుతుంది?

కనుక ఏ సరీసృపాన్ని ఏ పాత్రలో, ఏ గదిలో, ఏ కంచెలో ఉంచినా మొదటి పరీక్ష ఇది. పొద్దున ఒకసారి, నడి మధ్యాహ్నం ఒకసారి, మూడు గంటలకు ఒకసారి అక్కడికి వెళ్ళి చెయ్యి పెట్టి చూడండి. మూడుసార్లూ అందులో చల్లటి మూల ఒకటి ఉండాలి. లేకపోతే ఆ చోటు పనికిరాదు.

ముందుగా చట్టం సంగతి

జాగ్రత్తలు చెప్పేముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మన చెరువుల్లో, కాలువల్లో దొరికే తాబేలును ఇంట్లో పెంచుకోవడం నేరం. ఈ సంగతి చాలామందికి తెలియదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 2022లో దాన్ని సవరించారు, ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. మన చెరువుల్లో ఉండే మెత్తటి చిప్ప తాబేలు, చిప్పమీద చుక్కల గీతలుండే నక్షత్ర తాబేలు, పొలాల్లో తిరిగే ఉడుము ఇవన్నీ ఆ చట్టంలోని మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులిని ఉంచిన షెడ్యూలే అది. ఆ షెడ్యూలులోని ప్రాణుల విషయంలో నేరం రుజువైతే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళదాకా జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా పడవచ్చు. "మాకు తెలియదు" అన్న మాట అక్కడ చెల్లదు.

నక్షత్ర తాబేలు మన జిల్లాది కాదు. అది రాయలసీమ, తమిళనాడు, కర్ణాటక, గుజరాత్, రాజస్థాన్ వంటి చోట్ల పొడి నేలల్లో, ముళ్ళపొదల్లో బతికే ప్రాణి. ఇంట్లో ఉంటే డబ్బు కలిసివస్తుందని చెప్పి దాన్ని దొంగచాటుగా అమ్ముతారు. అటువంటి మాటలు నమ్మి డబ్బు పోగొట్టుకొని, పైగా కేసులో ఇరుక్కొన్న కుటుంబాలు ఉన్నాయి. ఈ వ్యాపారం ఎంతగా పెరిగిందంటే, 2019లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో ఈ తాబేలును దేశాల మధ్య వ్యాపారం నిషేధించిన జాబితాలోకి ఎక్కించారు.

ఇక మీ ఇంట్లో ఇప్పటికే తాబేలు ఉంటే ఏం చేయాలి? ఈ రోజే పొలంలో దొరికినదైతే, దొరికిన చోటికి దగ్గరలో ఉన్న చెరువు గట్టున వదిలిపెట్టండి. ఏళ్ళ తరబడి ఇంట్లో ఉన్నదైతే, ఎక్కడినుంచి వచ్చిందో తెలియనిదైతే మీరుగా ఎక్కడా వదలవద్దు. దానికి జబ్బు ఉంటే చెరువులో ఉన్న తక్కిన తాబేళ్ళకు అంటుకొంటుంది. అటవీశాఖ రేంజి కార్యాలయానికి కబురు చేసి అప్పగించండి. తమంతట తాముగా తెచ్చి అప్పగించడం దాచిపెట్టి దొరికిపోవడం కంటే ఎన్నోరెట్లు మేలు.

పట్నంలో అంగళ్ళలో అమ్మే, చెవి దగ్గర ఎర్రచార ఉండే చిన్న పచ్చ తాబేలు అమెరికా దేశపుది. అది చిన్నగా ఉన్నప్పుడు రూపాయి బిళ్ళంత ముద్దుగా ఉంటుంది. పెరిగితే అన్నం పళ్ళెం అంత అవుతుంది. అప్పుడు విసుగుపుట్టి చెరువులో పడేస్తారు. అది మన తాబేళ్ళ తిండినీ, చోటునూ ఆక్రమిస్తుంది. కనుక దాన్ని కొననే వద్దు. కొని ఉంటే చెరువులో మాత్రం వదలవద్దు.

ఇదంతా చెప్పాక జాగ్రత్తలతో పనేమిటని అడగవచ్చు. పని ఉంది. అటవీశాఖవారు వచ్చేదాకా ఒక రాత్రో, రెండు రోజులో ఆ ప్రాణి మీ చేతుల్లో ఉంటుంది. పట్నంలో ఉన్న మీ చుట్టాల ఇంట్లో విదేశీ తాబేలు ఉండవచ్చు. మీ పిల్లలు ఎక్కడో ఒకచోట ఇటువంటి ప్రాణులను చూస్తారు. ఈ క్రింది సంగతులు వారికి తెలియడం మంచిది.

నీళ్ళ తాబేలా, నేల తాబేలా?

అన్నిటికంటే ఎక్కువ జరిగే పొరపాటు ఇదే. తాబేలు అనగానే నీళ్ళలో వేయాలని అనుకొంటారు. కాళ్ళు చూడండి. వేళ్ళ మధ్య బాతు కాలికి ఉన్నట్టు చర్మం ఉంటే అది నీళ్ళ తాబేలు. కాళ్ళు ఏనుగు కాళ్ళలాగ మొద్దుగా, గుండ్రంగా ఉంటే అది నేల తాబేలు. నక్షత్ర తాబేలు నేల తాబేలే. దానికి ఈత రాదు. బావిలోనో, నిండు గోలెంలోనో వేస్తే మునిగి చనిపోతుంది. దానికి పల్చటి పళ్ళెంలో, గడ్డం తడిసేటంత నీళ్ళు చాలు. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం ఆలయ ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్ళు ఉన్నాయి. వాటిని నేలమీదనే ఉంచుతారు గాని చెరువులో వేయరు.

నీళ్ళ తాబేలుకైనా ఎప్పుడూ నీళ్ళలోనే ఉండటం మంచిది కాదు. అది ఊపిరితిత్తులతో గాలి పీల్చే ప్రాణి. సిమెంటు హౌజు గోడలు నున్నగా, నిట్టనిలువుగా ఉంటాయి. పైకి ఎక్కి కూర్చోవడానికి ఏ ఆధారమూ దొరకక, ఈదీ ఈదీ అలసి మునిగిపోతుంది. హౌజులో ఒక పక్క గరుకు బండనో, ఏటవాలుగా చెక్కనో పెట్టితే ఈ అపాయం పోతుంది. బండ కదలకుండా ఉండాలి. దొర్లే రాయి కింద తాబేలు ఇరుక్కొంటే పైకి రాలేదు.

కొత్తగా కట్టిన హౌజులో ఏ ప్రాణినీ వెంటనే వేయవద్దు. కొత్త సిమెంటులోని సున్నపు ఘాటు నీళ్ళలోకి దిగుతుంది. చేపలు వేస్తే తెల్లారేసరికి తేలడం మీలో కొందరు చూసే ఉంటారు. కొన్ని వారాలపాటు నీళ్ళు నింపడం, పారబోయడం, మళ్ళీ నింపడం చేయాలి.

ఎండ ఎక్కువైనా ముప్పే, లేకపోయినా ముప్పే

ఎండ ఎక్కువైతే ఏమవుతుందో పైన చూశాం. దానికి భయపడి ఇంటిలోపల అద్దాల పెట్టెలో పెట్టేవారున్నారు. ఎండ పొడ తగలకపోతే తాబేలు చిప్ప గట్టిపడదు. ఎండలో ఉండే ఒక రకం కిరణాలు చర్మంమీద పడితేనే దాని ఒంట్లో డి విటమిన్ తయారవుతుంది, తిన్న సున్నం ఎముకకూ చిప్పకూ పడుతుంది. కిటికీ అద్దం ఆ కిరణాలను చాలావరకు ఆపేస్తుంది. కనుక అద్దం వెనక పెట్టి "ఎండ తగులుతోంది గదా" అనుకోవడం పొరపాటు. వేడి మాత్రం లోపలికి వస్తుంది, మేలు చేసే కిరణం రాదు. అద్దాల పెట్టెను నేరుగా ఎండలో పెడితే ఇంకా కీడు. మూసిన కారులాగ నిమిషాలలో ఉడికిపోతుంది.

పొద్దుటి లేత ఎండ, పక్కనే నీడ, రెండూ ఒకే ఆవరణలో ఉండాలి. ఏది కావాలో ఆ ప్రాణికే తెలుసు. ఎన్నుకొనే వీలు మనం కల్పించాలి.

కంచె, తీగ, వల

తాబేలును కోళ్ళ జాలీ కట్టిన చోట ఉంచుతారు. జాలీ కొసలు కత్తిరించిన చోట సూదుల్లాగ ఉంటాయి. వాటిని లోపలివైపు కాక బయటివైపుకు మడవాలి. జాలీ కన్ను తాబేలు తల పట్టేంత పెద్దదైతే తల దూర్చి ఇరుక్కొంటుంది. వెనక్కి లాగితే చర్మం చీలుతుంది. పైగా అవతల కనబడుతోంది గనుక బయటికి పోవచ్చునని రోజంతా ఆ జాలీనే తోస్తూ, ముక్కు రాసుకొని పుండ్లు తెచ్చుకొంటుంది. అడుగున ఒక మూరెడు ఎత్తు వరకు చెక్కనో, రేకునో అడ్డం పెట్టి అవతల కనబడకుండా చేస్తే ఊరుకొంటుంది.

నేల తాబేలు జాలీ పట్టుకొని ఎక్కుతుంది కూడా. ఎక్కి వెల్లకిలా పడితే తిరగబడలేకపోవచ్చు. ఆ స్థితిలో ఎండలో ఉంటే కొద్దిసేపట్లోనే ప్రాణం పోతుంది. మూలలు చతురంగా కాక గుండ్రంగా ఉంటే మంచిది. మూలల్లో ఒకదానిమీద ఒకటి ఎక్కి తిరగబడటం ఎక్కువ.

కుక్కలు తాబేలు చిప్పను ఎముకలాగ కొరుకుతాయి. పందికొక్కులు, ఎలుకలు రాత్రిపూట కాళ్ళు కొరుకుతాయి. చీమలు గుడ్లనూ, చిన్న పిల్లలనూ బతకనివ్వవు. కనుక ఒక్క రాత్రి ఉంచినా పైన గాలి ఆడే మూత ఉండాలి.

మందులు, రంగులు, ఆకులు

పసుపు చేలోనూ, కూరగాయల మళ్ళలోనూ మందు కొట్టని ఇల్లు తక్కువ. పంపు కడిగిన నీళ్ళు ఎటు పోతాయి? చాలా ఇళ్ళలో అవి హౌజు పక్కనుంచే పోతాయి. మందు కొట్టిన చేతితో నీళ్ళు ముంచినా, మందు డబ్బాను కడిగి తాబేలు తొట్టిగా వాడినా అది విషమే. మందు డబ్బా ఎన్నిసార్లు కడిగినా మనుషులకూ పశువులకూ వాడకూడదని ఈ శీర్షికలో ఎప్పుడూ చెబుతూనే ఉన్నాం. తాబేలుకూ అంతే. మందు కొట్టిన చేలోని ఆకు తెచ్చి వేయవద్దు. ఫినాయిలు, నాఫ్తలీను ఉండలు, బ్లీచింగు పొడి ఇవేవీ దాని దగ్గర ఉండకూడదు. తొట్టిని ఉత్త నీళ్ళతో తోమి, ఎండలో ఆరనిస్తే చాలు.

పాత తలుపుల చెక్క తెచ్చి గూడు కడతారు. పాత రంగుల్లో సీసం ఎక్కువగా ఉండేది. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసాన్ని బాగా తగ్గించాలన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలైంది. అంతకుముందు రంగు పెచ్చులూడే చెక్కను ప్రాణుల గూటికి, ముఖ్యంగా పిల్లలు ముట్టుకొనే చోట, వాడవద్దు.

ఇంటిముందు అందంగా పూసే ఎర్ర గన్నేరు విషపు చెట్టు. దాని ఆకులూ, పూలూ గాలికి రాలి తొట్టిలో పడతాయి. తొట్టి ఎక్కడ పెట్టాలో చూసేటప్పుడు పైన ఏ చెట్టు ఉందో కూడా చూడండి.

తిండి విషయంలో కూడా తెలియక చేసే హాని ఉంది. అన్నం మెతుకులు, రొట్టె, బిస్కెట్లు, పాలు తాబేలు తిండి కాదు. మన చెరువు తాబేలు నత్తలు, చిన్న చేపలు, కప్పలు, నీటి మొక్కలు తిని బతుకుతుంది. నక్షత్ర తాబేలుకు గడ్డి, ఆకులు, పూలు ఆహారం. మెతుకులు నీళ్ళలో పులిసి, నీళ్ళు పాడై, కళ్ళు వాచి అది తిండి మానేస్తుంది.

గల్లగురిగి అనే తాబేలు

థాయిలాండు దేశంలో ఒక చిన్న కొలనులో సముద్రపు తాబేలు ఒకటి ఉండేది. వయసు దాదాపు 25 ఏళ్ళు. చూడవచ్చినవారు ఆయుష్షు పెరుగుతుందని నమ్మి ఆ కొలనులో నాణేలు వేసేవారు. తాబేలు వాటిని తిండి అనుకొని మింగుతూ వచ్చింది. బరువుకు ఈదలేక, అడుగున చిప్ప పగిలిన తరువాత గాని ఎవరికీ తెలియలేదు. 2017 మార్చిలో బ్యాంకాక్ పశువైద్యులు ఆపరేషను చేసి దాని కడుపులోనుంచి 915 నాణేలు తీశారు. వాటి బరువు సుమారు 5 కిలోలు. అందరూ సంతోషించారు. కాని రెండు వారాలకే, మార్చి 21న అది చనిపోయింది. ఆ నాణేల లోహం దాని రక్తాన్ని విషం చేసింది. ఆ తాబేలుకు అక్కడివారు పెట్టిన పేరు ఓమ్‌సిన్. మన మాటలో గల్లగురిగి అన్నమాట.

నాణెం వేసినవారిలో ఒక్కరు కూడా దాన్ని చంపాలని వేయలేదు. ఒక్కొక్కరు ఒక్కొక్క నాణెమే వేశారు. "నేను వేసేది ఒక్కటే గదా" అన్న మాటే దానికి మృత్యువైంది. మన పిల్లలను జంతు ప్రదర్శనశాలకు తీసుకెళ్ళినప్పుడు ఈ కథ చెప్పండి. మొసళ్ళ గుంటలోకి పల్లీల పొట్లం విసరడం, కదలడం లేదని రాయి వేయడం, ప్లాస్టిక్ సంచి పారేయడం ఇవన్నీ అటువంటివే. ఇంట్లో తొట్టి అడుగున వేసే రంగు గులకరాళ్ళు, తెగిన దారం, స్పాంజి ముక్క, మేకు వంటివి కూడా మింగితే పేగులకు అడ్డుపడతాయి. తాబేలు తలకంటే పెద్దవైన రాళ్ళు మాత్రమే వేయాలి.

సరిగ్గా చూసుకొంటే తాబేలు ఎంతకాలం బతుకుతుందో మన హైదరాబాదులోనే చూశాం. నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963లో మొదలైనప్పుడు బాగ్-ఎ-ఆమ్ తోటనుంచి ఒక గలపాగోస్ పెద్ద తాబేలును అక్కడికి మార్చారు. అది 2024 మార్చిలో వృద్ధాప్యంతో చనిపోయింది. వయసు దాదాపు 125 ఏళ్ళని చెప్పారు. మూడు తరాల పిల్లలు దాన్ని చూశారు. మన పెరటి డ్రమ్ములో తాబేలు మూడు నెలలు బతికితే గొప్ప.

మన పిల్లల ఆరోగ్యం

అపాయం తాబేలుకు మాత్రమే కాదు, పిల్లలకు కూడా ఉంది. తాబేళ్ళు, బల్లుల పేగుల్లో సాల్మొనెల్లా అనే సూక్ష్మక్రిమి ఉండవచ్చు. వాటికి ఏ జబ్బూ ఉన్నట్టు కనబడదు. కాని దాన్ని పట్టుకొన్న చేతితో పిల్లవాడు రొట్టె తింటే జ్వరం, విరేచనాలు పట్టుకొంటాయి. అయిదేళ్ళలోపు పిల్లలకూ, గర్భిణులకూ, ముసలివారికీ ఇది ఎక్కువ ప్రమాదం. అమెరికాలో ఇలా జబ్బుపడే పిల్లలు ఎక్కువైనందున, నాలుగు అంగుళాలకంటే చిన్న చిప్ప ఉన్న తాబేళ్ళను అమ్మరాదని 1975లో నిషేధించారు. అంత చిన్నవాటిని పిల్లలు నోట్లో పెట్టుకొంటారని వారి భయం.

కనుక ముట్టుకొన్న వెంటనే సబ్బుతో చేతులు కడిగించండి. తాబేలు ఉన్న నీళ్ళను అంట్లు తోమే చోట, తాగే నీళ్ళ బిందెల దగ్గర పారబోయకండి. తాగే నీళ్ళ బావిలో తాబేలు ఉంటే నీళ్ళు శుభ్రమవుతాయని పెద్దలు చెబుతారు. అది కొన్ని పురుగులను తినవచ్చు గాని, దాని మలం కూడా ఆ నీళ్ళలోనే కలుస్తుంది. బావి నీళ్ళను మరిగించి తాగడమే మంచిది.

కట్టని గూళ్ళు

చివరిగా ఒక విషయం. మనం కావాలని కట్టకపోయినా, పొలంలో, పెరట్లో ఎన్నో గూళ్ళు తయారై ఉంటాయి. నీళ్ళు లేని పాడుబావి, ఎరువు గుంత, కొత్త ఇంటికి తీసిన పునాది గోతులు, గోడలు నున్నగా ఉన్న హౌజు ఇవన్నీ పడిన ప్రాణికి చెరసాలలే. ఉడుము, తాబేలు, పాము అందులో పడితే పైకి రాలేవు. ఒక గరుకు కర్రనో, పాత నిచ్చెననో ఏటవాలుగా దించి ఉంచితే అవే ఎక్కి పోతాయి. పాడుబావికి అంచు గోడో, గట్టి మూతో ఉంటే పిల్లలకూ క్షేమం.

కోళ్ళ గూటి చుట్టూ, కూరగాయల మడి చుట్టూ కట్టే నైలాను వల మరొకటి. పాము అందులో దూరి, పొలుసులు చిక్కుకొని, ముందుకూ వెనక్కూ పోలేక ఉంటుంది. అటువంటి పాము దగ్గరకు చేయి పోనివ్వవద్దు. అది పసిరికపామో, నాగుపామో, రక్తపింజరో చీకట్లో చెప్పలేం. అటవీశాఖకో, పాములు పట్టడం తెలిసినవారికో కబురు చేసి, అందాకా పిల్లలనూ, కుక్కలనూ దూరంగా ఉంచండి. పని లేనప్పుడు వలను చుట్టి పైన కట్టేయండి. నేలమీద కుప్పగా పడేసిన వలలోనే ఎక్కువ చిక్కుకొంటాయి. ఎవరినైనా పాము కాటువేస్తే మంత్రాలకూ, కోతలకూ, తాళ్ళు బిగించడానికీ పొద్దు పుచ్చకుండా, కాలో చెయ్యో కదలనివ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. విషానికి విరుగుడు మందు అక్కడే దొరుకుతుంది.

ఈ నెల ఒక పని చేయండి. సాయంత్రం పూట పిల్లలను వెంటబెట్టుకొని ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. నున్నటి గోడల హౌజు ఎక్కడుంది, కొసలు తేలిన జాలీ ఎక్కడుంది, మందు నీళ్ళు ఎటు పారుతున్నాయి, విప్పి పడేసిన వల ఎక్కడుంది అని వారినే వెదకమనండి. పెద్దవారి కళ్ళకంటే వారి కళ్ళు నేలకు దగ్గరగా ఉంటాయి. వారు చూపించినవాటిని ఆ వారంలోనే సరిచేయండి. తాబేలుతో ఆడుకోవాలని ఉన్న పిల్లలను వాన వెలిసిన పొద్దున చెరువు గట్టుకు తీసుకెళ్ళండి. చప్పుడు చేయకుండా కూర్చుంటే, నీళ్ళమీద ఒక చిన్న ముక్కు తేలి, గాలి పీల్చుకొని, మళ్ళీ మునిగిపోవడం కనబడుతుంది. దానికి ఏ జాగ్రత్తలూ మనం నేర్పనక్కరలేదు.

వచ్చే నెల మరో విషయంతో కలుసుకొందాం.